కాశమ్మకు గిట్టని మాట

ఆ మాట చెవిన పడితే చాలు, కాశమ్మకు ఒళ్లు మండిపోయేది.

డ్యూటీ.

పని అయితే మానొచ్చు. కూలి అయితే రేపు పోవచ్చు. డ్యూటీ అన్న మాట ఒకసారి నోట్లోంచి వచ్చిందా, ఇక ఎదురు చెప్పడానికి ఉండదు. ఏ దొర కనిపెట్టాడోగానీ వాడి నోరు పడిపోను అని తిట్టుకునేది.

ఫలక్‌నుమా బస్తీలో అందరికీ అదే ఊతపదం. గేటు దగ్గర కూర్చుని కునికేవాడిదీ డ్యూటీయే. పాలుపోసే నర్సింహ కూడా బర్రెలు పిండడాన్ని డ్యూటీ అనేవాడు. మొగుడికి ప్రాణం మీదికొచ్చి దవాఖానకు తీసుకుపోతే, డాక్టరు డ్యూటీ దిగి ఇంటికి పోయాడన్నారు. కాశమ్మ పగ అప్పటిది.

కొడుకు రాజన్న ఫ్యాక్టరీలో చేరాక ఆ మాట ఇంట్లోకే వచ్చి తిష్ట వేసింది. పెళ్లైన మూడోనాడే డ్యూటీ. తండ్రి సంవత్సరికానికీ డ్యూటీ. బోనాలనాడు డబుల్ డ్యూటీ, అదీ గొప్పగా చెప్పుకునేవాడు. కోడలు నీలమ్మకు అత్తతో వంద పేచీలున్నా ఈ ఒక్క విషయంలో అత్తవైపే. కోపం వచ్చిన రోజు టిఫిన్ డబ్బా మొగుడి చేతికివ్వకుండా గడప మీద ఠపీమని పెట్టేది.

ఈ పొద్దు చూస్తే జ్వరం. కాశమ్మ నుదుటి మీద చెయ్యి వేసి ఉలిక్కిపడింది. పెనంలా కాలుతోంది.

"ఇయ్యాల డ్యూటీ లేదు, గీటీ లేదు. పండుకో బిడ్డా."

డబ్బా మూత పెట్టిన చప్పుడు వినిపించింది.

కాశమ్మ గొంతు లేచింది. ఫ్యాక్టరీని తిట్టింది, దాని సైరన్‌ను తిట్టింది. జ్వరంతో మిషన్ దగ్గర నిలబడితే ఏమవుతుందో తనకు తెలుసంది. చచ్చేదాకా చాకిరీ చేయించుకుంటూ దానికో ఇంగ్లీషు పేరు పెట్టారని అరిచింది.

"పోకుంటే నౌకరీ ఉండదు. ఇంట్ల ఏం తింటం?"

ఇక మిగిలింది ఒక్కటే. ముండమోపి ఎదురైతే కీడని బస్తీ నమ్మకం, కాశమ్మదీ అదే నమ్మకం. అందుకే మొగుడు పోయినప్పటి నుంచి, ఇంట్లో ఎవరు బయలుదేరుతున్నా పెరట్లోకి తప్పుకునేది. ఇవాళ కావాలనే పోయి గడపకు అడ్డంగా నిలబడింది.

"ఎదురొచ్చిన. కీడు శకునమైంది. ఇంక లోపటికి నడువు."

ద్వారానికి అడ్డంగా చాచిన ఆ ముసలి చేతిని మెల్లగా పక్కకు జరిపి, పోయిన వానాకాలం ఇలాంటి జ్వరంతోనే డ్యూటీకి పోయి శవమై తిరిగొచ్చిన రాజన్న నౌకరీలో చేరడానికి గడప దాటింది నీలమ్మ.