ఏదీ భాగించలేని సంఖ్య

"నాకు ఆపరేషనొద్దు సిస్టర్. ఇంటికి పోతాను."

టైలరమ్మ మొండికేసింది. గుండెలో కవాటం మార్చాలి, ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పి చెప్పి అలిసిపోయాడు.

నర్సు నిట్టూర్చి, ఆమె చేతికి నంబరు పట్టీ కట్టి వెళ్ళిపోయింది.

"ఏదీ, నీ నంబరు చదువు తల్లీ" అన్నాడు పక్క మంచం పెద్దాయన. ఆయనదీ గుండె జబ్బే.

"41270331, బాబాయిగారూ."

పెద్దాయన కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కున్నాడు.

"అబ్బో! ప్రధాన సంఖ్య!"

"అంటే?"

"ఏ సంఖ్యా దాన్ని భాగించలేదు. ఎవరొచ్చినా ముక్కలు చెయ్యలేరు. నీలాగే మొండిఘటం!"

టైలరమ్మ ఫక్కున నవ్వింది. ఆస్పత్రిలో చేరాక అదే మొదటి నవ్వు.

నర్సును తనే పిలిచి ఆపరేషన్‌కి సంతకం పెట్టింది.

సాయంత్రం ఆమె భర్త వచ్చాడు. బళ్ళో లెక్కల మాస్టారు. తప్పు లెక్క కనబడితే పెళ్ళిపందిట్లోనైనా లేచి దిద్దే రకం.

"ఏవండీ, నా నంబరును ఏదీ భాగించలేదటండీ!"

మాస్టారు పట్టీ చూశాడు. పెదవులు కదిలాయి.

"అంకెలన్నీ కూడితే ఇరవై ఒకటి. మూడుతో నిక్షేపంగా పోతుంది. ప్రధాన సంఖ్యట, నా మొహం! ఎవరు చెప్పారు?"

పెద్దాయన ముందు ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

"నేనే బాబూ. పెద్దవాణ్ణయిపోయాను, పొరబడ్డాను."

"తెలియకపోతే ఊరుకోవాలి గానీ, రోగులకి కాకిలెక్కలు చెబితే ఎలాగండీ?"

టైలరమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

"నన్ను ఇంటికి తీసుకుపొండి" అంది. ఆ తర్వాత ఎవరెంత బతిమాలినా వినలేదు.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన్ని ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు.

"వెళ్ళిపోకు తల్లీ" అన్నాడు స్ట్రెచర్ మీంచి.

ఆయన తిరిగి రాలేదు.

మధ్యాహ్నం ఆయన కూతురు వచ్చి కళ్ళజోడూ, చెప్పులూ సంచిలో సర్దుకుంది. టైలరమ్మ లోపల తన బట్టలు మడతపెట్టుకుంటోంది. మాస్టారు మనసు ఊరుకోక ఆ కూతురి వెంట వరండాలోకి వెళ్ళాడు.

"మంచి మనిషండీ మీ నాన్నగారు. పాపం, లెక్కలే సరిగ్గా వచ్చేవి కాదు. నేను బళ్ళో లెక్కల మాస్టార్ని, మా ఆవిడ నంబరులో అంకెలు కూడగానే తప్పు పట్టేశాను."

ఆమె తడికళ్ళతోనే నవ్వింది.

"మీ ఆవిడ నంబరు ప్రధాన సంఖ్య అన్నారా?"

"మీకెలా తెలుసు?"

"అమ్మ ఆపరేషనప్పుడు అమ్మకీ అదే చెప్పారు. అమ్మ నంబరు చివర సున్నా ఉండేది. అయినా నవ్వుకుంటూ లోపలికెళ్ళి, నవ్వుకుంటూనే బయటికొచ్చింది."

మాస్టారు ఒక అడుగు ముందుకేశాడు.

"సున్నా ఉంటే... చిన్నపిల్లాడు కూడా చెబుతాడు కదండీ! ఆయనకి తెలియలేదా?"

ఆమె సంచి భుజానికి తగిలించుకుంది.

"అంకెలు కూడి మూడుతో పోతుందో లేదో చూడమని మీ బడి లెక్కల పుస్తకంలో పాఠముందే, అది రాసింది మా నాన్నేనండీ."