డబ్బా చూడనిదే కార్డు ఇవ్వం

"అన్నా, పాత కంప్యూటర్‌కు గ్రాఫిక్స్ కార్డు కావాల. లైనక్స్‌లో పనిచేసేది."

వాసుదేవ్ తలెత్తాడు. ఎదురుగా జయపాల్. కలలో కూడా ఎవడి గొంతు పట్టుకుని లేస్తున్నాడో, వాడే తన కాళ్లతో నడిచి అంగట్లోకి వచ్చాడు.

కడపలో చదువుకుంటున్న చెల్లెలు పద్మప్రియ ఈ జయపాల్ వెంటే వెళ్లిపోయింది. చర్చిలో పెళ్లయిందని తరవాత తెలిసింది. నాన్న కేశవయ్య ఆ తలవంపుతో గడప దిగడం మానేశాడు. ఏడాది తిరక్కుండానే పోయాడు. వీడి నోటి దగ్గర కూడు లాగేస్తానని ఆ చితి దగ్గరే వాసుదేవ్ ఒట్టు పెట్టుకున్నాడు.

చెల్లెలంటే ప్రాణం కాబట్టే అంత మంట. తను మొట్టమొదటి కంప్యూటర్ బిగించిననాడు ఫ్యానుకు మరలు చాలకపోతే, జడకున్న ఎర్ర రిబ్బను విప్పి "దీంతో కట్టన్నా" అని నవ్విన పిల్ల. అట్లాంటి పిల్ల ఒక్క మాటైనా చెప్పకుండా పోయింది.

ఇద్దరూ ఒకరినొకరు ఎరగనట్టే మాట్లాడుకున్నారు.

"యాడనుంచి?"

"ఎర్రగుంట్ల నుంచన్నా."

"కడప పక్కనే ఉండాది గదా. కర్నూలు దాకా ఎందుకొచ్చినావు?"

"మా ఇంటామె ఈ అంగడికే పొమ్మనింది. లైనక్స్ సంగతి మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదంట."

ఎంత పొగరు! బాగా బతుకుతాండామని చూపించడానికే మొగుణ్ణి తోలింది. వాసుదేవ్ లోపల పళ్లు నూరుకుని, పైకి నవ్వాడు.

"పాత మిషన్ అంటాండావు. లైనక్స్ తీసేసి వేరేది ఎక్కించుకోరాదా?"

"మొదట్నుంచీ అదే ఉండాదన్నా. మారుస్తానంటే మా ఇంటామె ఒప్పుకోదు. లారీ ఆఫీసులకు బిల్లులు కొట్టిచ్చేది దాని మీదే. తెర నల్లగయినప్పట్నుంచి మా పొయ్యి సరిగ్గా వెలగడం లేదు."

వెతకబోయిన తీగ కాలికి తగిలింది. ఇంకేం కావాలి?

జయపాల్ మదర్‌బోర్డు పేరు చెప్పాడు. ఒకప్పుడు ఈ రెండు జిల్లాల్లో సగం కంప్యూటర్లలో ఆ బోర్డే ఉండేది.

వాసుదేవ్ అంగట్లో గోడకు ఒక అట్ట వేలాడుతుంటుంది. "డబ్బా చూడనిదే కార్డు ఇవ్వం." ఎంత తెలిసినవాడొచ్చినా అదే మాట. మిషన్ తెప్పించి, విప్పి, ఎవరు బిగించారో అడిగి, అప్పుడే కార్డు తీస్తాడు. అందుకే అతనిచ్చిన కార్డు నప్పలేదన్నవాడు కర్నూల్లో లేడు.

జయపాల్ అట్ట వంక చూశాడు. "డబ్బా తేలేదన్నా. రేపు బస్సులో తెస్తా. మీరే విప్పి చూస్తే మేలని ఇంటామె కూడా..."

"అక్కర్లేదు," వాసుదేవ్ మాట మధ్యలోనే తుంచేశాడు.

సొరుగులోంచి ఏజీపీ అనే పాత రకం గ్రాఫిక్స్ కార్డులు రెండు తీశాడు. మొదటిది ఆ బోర్డుకు అతికినట్టు సరిపోతుంది. దాన్ని లైనక్స్ చూడగానే గుర్తుపడుతుంది. రెండోది కూడా అదే స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది. కానీ అది అంతకు ముందు కాలం రకం, దాని వోల్టేజీ వేరు. స్విచ్చి వేస్తే కార్డు కాదు, బోర్డే మాడుతుంది.

రెండోది కాగితంలో చుట్టాడు. ధర కూడా తగ్గించాడు. విషం పెట్టేవాడు తీపి ఎక్కువే వేస్తాడు.

జయపాల్ దండం పెట్టి, గడప దగ్గర ఆగాడు. "అమ్మ బాగుండాదా అన్నా?"

వాసుదేవ్ సొరుగును ధడాలున మూశాడు.

ఆ వారంలోనే మళ్లీ వచ్చాడు జయపాల్. ఈసారి భుజం మీద దుప్పటిలో చుట్టిన డబ్బా ఉంది. దాన్ని పసిబిడ్డను దించినట్టు బల్ల మీద దించాడు.

"పొగొచ్చిందన్నా."

వాసుదేవ్ గుండెల్లో పండగ. మొహం మాత్రం రాయిలా పెట్టాడు. "వాడిన కార్డుకు గ్యారంటీ లేదప్పా."

"గ్యారంటీకి రాలేదన్నా. నువ్వు కావాలనే చేసినావని నాకు తెలుసు. ఇంటామెకు చెప్పలేదు." జయపాల్ తల దించుకున్నాడు. "అన్నం ముట్టడం లేదు. పారేద్దామంటే పారేయనీదు. నీకు చూపించి రమ్మని ఒకటే ఏడుపు."

ఏడవనీ! నాన్న ఏడ్చినంత ఏడవనీ. వాసుదేవ్ కళ్లు చల్లబడ్డాయి. మాడిన బోర్డును కళ్లారా చూసుకోవాలనిపించింది. స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. మరలు తానే విప్పాడు. పక్క రేకు లాగగానే కాలిన వాసన గుప్పుమంది.

లోపల, మసిబారిన బోర్డు మీద, కాలేజీకి పోతున్న చెల్లెలికి తన చేత్తో ఆ మొట్టమొదటి కంప్యూటర్ బిగించి ఇచ్చిననాటి ముడి కూడా సడలకుండా, ఫ్యాను ఎర్ర రిబ్బనుతో కట్టి ఉంది.