చీమలు రాని ఇల్లు

ఆ రోజు ఆ ఇంట్లో ముగ్గురున్నారు. ముందుగదిలో వల బాగుచేసుకుంటున్న గంగరాజు, వంటింట్లో అతని భార్య నాగలక్ష్మి, గడప పక్కన పీట మీద అతని తల్లి సన్యాసమ్మ. నాలుగో మనిషిగా లోపలికి వెళ్లాలని దీవెన గుమ్మంలో నిలబడింది.

"చీమలూ లేవు, గీమలూ లేవు. ఎల్లు, ఎల్లు," అన్నాడు గంగరాజు తలెత్తకుండా.

"ప్రతి ఇల్లూ చూడాలండీ. ఒక్క ఇల్లు వదిలేసినా ఆ ఎర్రచీమలు మళ్లీ ఊరంతా పాకుతాయంటండీ. మా స్కూలు పిల్లలం తలో ఊరూ పంచుకున్నాం."

ఈ ఊరు తనకివ్వమని మాస్టారిని అడగడానికే దీవెనకు వారం పట్టింది. ఇది అమ్మ పుట్టిల్లు. డేనియల్‌ని పెళ్లి చేసుకున్నాక, ఈ ఇంట్లో ఒకప్పుడు అందరికీ మల్లి అయిన అమ్మ నాగమల్లేశ్వరికి ఈ గుమ్మం లేదు. ఆమె పేరు కూడా ఇక్కడ ఎవరూ ఎత్తరు. దీవెననైతే ఎవరూ చూడనే లేదు.

"రానీరా. పక్కింటోళ్ల కోడిపిల్లల్ని పీక్కుతిన్నయ్ గదా," అంది సన్యాసమ్మ. "నీ పేరేంటే?"

"హే... హేమ అండీ."

దీవెన అట్టముక్క మీద చీమలకు ఎరగా వేరుశెనగ ఉండ ముక్క పెట్టి పెరట్లో ఉంచింది. అరగంట ఆగాలి. చీమలు పడితే వచ్చే బుధవారం మందు గుళికలతో మళ్లీ రావచ్చు. పట్టకపోతే పుస్తకంలో ఈ ఇంటిని కొట్టేయాలి. ఇంక రావడానికి సాకే ఉండదు.

రండి, ఒక్కసారి రండి, అని చీమల్ని లోలోపల బతిమాలుకుంది.

సన్యాసమ్మ మజ్జిగ తెచ్చిచ్చి, ఎదురుగా కూర్చుంది.

"కళ్లు మూసుకుని తాగుతావేంటే?"

"అలవాటండీ."

"ఎవరి అలవాటు?"

దీవెన ఈసారి కళ్లు తెరుచుకునే మిగిలిన మజ్జిగ గబగబా తాగేసింది.

అరగంట అయింది. అట్ట మీద ఒక్క చీమ కూడా లేదు.

"చెప్పాగా! ఇంక ఎల్లు," అన్నాడు గంగరాజు.

దీవెన పుస్తకం తెరిచింది. అక్షరాలు మసకబారాయి. ఇంటి నంబరు కొట్టేయబోతుంటే సన్యాసమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఉన్నాయని రాయి."

"లేవు కదండీ..."

"రాయమంటుంటే! రాశావా? ఇంక నడువ్," అంటూ గదమాయించి బయటికి తోసింది సన్యాసమ్మ. కొడుకు వైపు ఓసారి చూసి, తలుపు మూస్తూ, సందులోంచి గుసగుసగా అంది:

"బుధవారం మల్లిని కూడా తీసుకురా. మన పెరట్లో పుట్టలెక్కడున్నయ్యో దానికే తెలుసు."

తలుపు పడింది.