ఆవులింత

గుర్రం ఆవులించింది.

ఒకసారి కాదు, వరసగా మూడుసార్లు. పళ్లన్నీ బయటపెట్టి, కళ్లు సగం మూసి, నాలుకతో పెదాలు తడుపుకుంది.

దాని యజమాని గవ్రీల ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు.

"తియ్యి చెయ్యి! ముందు దాని మీంచి చెయ్యి తియ్యి!"

గుర్రం నడుం మీద అరచేతులు ఆనించి నిలబడ్డ ముసలాయన కదల్లేదు. ఏ ఊరివాడో తెలియదు. ఆ సోమవారం పొద్దున బస్సు దిగి, నేరుగా గుర్రపు పాకలోకి వచ్చి, "నడుం పట్టేసినట్టుంది పాపం, ఒకసారి చూడనా తమ్ముడూ?" అని అడిగాడు. గవ్రీల సరేనన్నాడు. ఇప్పుడు ఆ సరే అన్న నోటిని తిట్టుకుంటున్నాడు.

"నొప్పి వదులుతోంది తమ్ముడూ. కుడివైపు అయిపోయింది. ఎడమవైపు ఇంకో గంట, అంతే."

"నాకు చెబుతావా? వస్తూనే 'ఎంత చక్కటి గుర్రం' అన్నావు. మూడుసార్లు తూ తూ అన్నావా?"

"మర్చిపోయాను."

"మర్చిపోయాడట! ఈ మరమురేష్ కొండల్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసయ్యా ఆ సంగతి!"

నిజమే. అక్కడ పశువును మెచ్చుకున్నవాడు వెంటనే ఉమ్మెయ్యాలి. లేకపోతే దిష్టి. దిష్టి తగిలిందనడానికి మొదటి గుర్తు ఆవులింత. మనిషికైనా అంతే, గుర్రానికైనా అంతే.

"ఒక్క గంట ఆగు తమ్ముడూ. గురువారం లోగా..."

"గురువారం సంగతి నీకెవరు చెప్పారు?"

ముసలాయన మళ్లీ గుర్రం నడుం మీదికి వంగాడు.

గురువారం కబేళా లారీ వస్తుంది. అడవిలోంచి దుంగలు లాగలేని గుర్రానికి చలికాలమంతా గడ్డి వేసే స్తోమత గవ్రీలకు లేదు. ఏప్రిల్ నుంచి ఈ గుర్రం, మూర్గ, నడుం వంచలేకపోతోంది. భార్య పోయిన ఆరేళ్లలో ఆ ఇంట్లో అతని మాట వినే ప్రాణి అదొక్కటే. పొద్దున లేచి "ఏమే, నిద్ర పట్టిందా?" అని అడిగేది దాన్నే. దానికి ఇప్పుడు దిష్టి కూడా తగిలితే, ఉన్న ఈ మూడు రోజులు కూడా దక్కవని భయం వేసింది.

ముసలాయన్ని రెక్క పట్టుకుని గేటు దాకా లాక్కెళ్లాడు.

"రాత్రి దాని నడుం మీద దుప్పటి కప్పు. పొద్దున కాసేపు మెల్లగా నడిపించు."

"ముందు నువ్వు నడు!"

ముసలాయన నడిచాడు. మలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూశాడు. గవ్రీల గేటు మూసేశాడు.

పక్కింటి సవేతక్క గిన్నెలో నీళ్లు పట్టుకుని వచ్చింది. మండే బొగ్గులు మూడు అందులో వేసింది. మూడూ మునిగాయి.

"నిలువునా దిష్టిరా తమ్ముడూ!"

మంత్రం చదువుతూ తనే నాలుగుసార్లు ఆవులించింది. దిష్టి అంత గట్టిదన్నమాట. ఆ నీళ్లు మూర్గ మీద చల్లి, గ్లాసుడు పళ్ల సారా తాగి వెళ్లింది.

మర్నాడు మూర్గ తల కుడివైపు తిప్పి, తన డొక్క తనే గీరుకుంది. ఏప్రిల్ తర్వాత అదే మొదటిసారి.

"సవేతక్క చెయ్యే చెయ్యి!" అని గవ్రీల పొంగిపోయాడు.

బుధవారం దుంగ కట్టి చూశాడు. మూర్గ మూడడుగులు వేసింది. ఎడమ కాలు ముందుకు రాలేదు. ఆగిపోయింది.

గురువారం లారీ వచ్చింది. సన్న మీసాల డ్రైవరు వెనక పలక దించాడు. మూర్గ ఎక్కనంది. గవ్రీల తనే ముందు ఎక్కాడు. అతని వెనకే అదీ ఎక్కింది, ఎప్పుడూ వచ్చినట్టే.

లారీ పోయాక పాకలోకి వెళ్లి, గడ్డి మీద కూర్చుని ఏడ్చాడు. ఎవరూ వినలేదు.

ఆదివారం చర్చి బయట ఎగువూరి ఒనూఫ్రి కనిపించాడు. అతని బండికి కట్టి ఉన్న గోధుమరంగు గుర్రాన్ని చూసి గవ్రీల ఆగిపోయాడు.

"ఇది కూడా గురువారం లారీలో పోవాల్సిందేగా?"

"పోవాల్సిందే బావా. మంగళవారం ఎవరో ముసలాయన వచ్చి పొద్దస్తమానం దాని నడుం పిసికాడు. అది ఆవులించి ఆవులించి, నిలబడే నిద్రపోయింది. మర్నాడు దుంగ లాగింది. లారీని తిప్పి పంపేశాను."

"ఆవులిస్తుంటే దిష్టి అనుకోలేదూ?"

"అనుకోకేం! కర్ర కూడా ఎత్తాను. 'దాని నడక చూడు, తర్వాత కొడుదువుగాని' అన్నాడు. సరే చూద్దామని ఆగాను."

గవ్రీల ఆ గుర్రం నడుం మీద చెయ్యి వేశాడు. ఆగాడట. ఒక్క పూట ఆగాడు, అంతే తేడా.

"ఎవరాయన? గుర్రాల డాక్టరా?"

"డాక్టరా! నాకూ అప్పుడు తెలీదు బావా, గురువారం వచ్చిన కొత్త డ్రైవరు చెప్పాడు. బుధవారం సాయంత్రం ఆయన్ని పనిలోంచి పీకేశారట."

"ఏం పని?"

ఒనూఫ్రి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పదకొండేళ్లుగా ఆ కబేళా లారీ నడిపింది ఆయనే బావా. ఎక్కించాల్సిన గుర్రాల జాబితా చేతికి రాగానే ముందుగా బస్సెక్కి ఇల్లిల్లూ తిరిగి, తన లారీ ఎక్కకుండా ఎన్ని గుర్రాల్ని ఆపగలడో అన్నిట్నీ ఆపేవాడట."