ఉన్ని కొవ్వు

"తలుపు తియ్యండి అత్తమ్మా! నా బిడ్డను చూపించండి!"

రవెకా గొంతు పీలగా వచ్చింది. కాన్పయిన గంటకే ఒళ్ళు కాలిపోయే జ్వరం పట్టుకుంది. మూడు రోజులు స్పృహ లేదు. పుట్టగానే బిడ్డ కేరుమనడం తప్ప ఆమెకేమీ గుర్తులేదు. ఇప్పుడు పక్క గదిలో ఏడుపు అంతకంతకూ సన్నబడుతోంది.

అత్తగారు ఫిరోనా మట్టి పిడతతో లోపలికి వచ్చింది. ఆ కొండమీద గొర్రెలకూ ఆడవాళ్ళకూ పురుళ్ళు పోసేది ఆమే. ఆమె మాటకు ఎదురు చెప్పే మనిషి అక్కడ పుట్టలేదు.

"కదలకు," అని పిడతలోని పసుపుపచ్చటి కొవ్వు తీసి కోడలి రొమ్ములకు పట్టించింది. సొంత గొర్రెల ఉన్ని మరిగించి తీసిన కొవ్వు అది. చర్మం పగలకుండా కాన్పుకు నెల ముందునుంచీ రాస్తూనే ఉంది.

"నా సంగతి తర్వాత. ముందు వాడి ఆకలి చూడండి!"

"గొర్రెపాలు పట్టాను. కక్కేస్తున్నాడు. నీ దగ్గర తాగితేనే బతుకుతాడు."

చర్చిలో చావు గంట మోగింది. రవెకా మోచేతిమీద లేచింది. "ఎవరికి?"

గుమ్మంలో నిలబడ్డ భర్త గవ్రిలా తలెత్తలేదు. అతని గోళ్ళ నిండా మట్టి.

"సఫ్తా," అన్నాడు. "పై దొడ్డిలో ఉండే విధవ. కాన్పులో పోయింది. గొయ్యి నేనే తవ్వాను."

"అయ్యో! బిడ్డ?"

"ఒకే పెట్టెలో పడుకోబెట్టారు," అంది ఫిరోనా, కొడుకు నోరు తెరిచేలోపు. "నువ్వు పోయి పక్క గదిలోంచి పిల్లాణ్ణి పట్టుకురారా."

తెచ్చిన పసివాడికి ఫిరోనా తలనుంచి అరికాళ్ళదాకా వేలెడు చోటు వదలకుండా అదే కొవ్వు పులిమింది.

"ఇంతెందుకు? ఊపిరాడదేమో!"

"చర్మం పొట్టు లేస్తుంటే కనబడట్లేదూ? మూడు రోజులు నీళ్ళు పొయ్యకు."

"అమ్మా, తాగకపోతే?" గవ్రిలా గొణిగాడు.

"తాగుతాడు. నలభై ఏళ్ళుగా మందలో చేస్తున్నా. ఎప్పుడూ తప్పలేదు."

వీళ్ళిద్దరూ నా బిడ్డనేదో చేస్తున్నారు! రవెకా చేతులు చాచింది. బిడ్డను లాక్కుని రొమ్ముకు అదుముకుంది. వాడు మొహం తిప్పేసుకున్నాడు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తిప్పేశాడు. ఏడవడానికి కూడా వాడిలో ఓపిక లేదు. ఫిరోనా ముందుకు వంగి వాడి తలను మెల్లగా రొమ్ము దగ్గరే ఆపింది.

"తొందరపెట్టకే పిల్లా. వాసన పట్టనీ."

పసివాడి ముక్కు కదిలింది. నోరు వెతుక్కుంది. దొరకబుచ్చుకుని గుటకలు వేయసాగాడు.

రవెకా వాడి నెత్తి వాసన చూసింది. అచ్చం తన ఒంటి వాసనే. కళ్ళనీళ్ళతోనే నవ్వేసింది. "చూశారా, నన్ను గుర్తుపట్టాడు! అయినా ఈయనెందుకు అటు తిరిగి ఏడుస్తున్నాడు?"

"సంతోషంలే," అంది ఫిరోనా, పిడత మీద మూత పెడుతూ.

సఫ్తా పక్కన మట్టిలో పడుకున్నది రవెకా కొడుకు.