చార చేప పేరు

"సంతకం పెట్టనంటే పెట్టను," అంటూ ప్రొఫెసర్ కాగితాలు బల్ల మీదికి విసిరాడు. "పో, మళ్ళీ చెయ్యి."

"మూడుసార్లు చేశాను సర్."

"నాలుగోసారి చెయ్యి. నీ లెక్కలకోసం నా చేప జాతి మారదు."

పరిశోధక విద్యార్థిని చెల్లాచెదురైన కాగితాలు ఏరుకుంది. వాదించే ఓపిక ఆమెకు ఏనాడో అయిపోయింది. వాగులన్నీ తిరిగి ఎర్ర చార చేపవీ, మామూలు బూడిద రంగు చేపవీ రెక్కల కొసలు కత్తిరించి తెచ్చింది. వాటి జన్యువుల్లోని గుర్తులు పోల్చి, ఆ చేపల వంశవృక్షం గీసింది. ఎన్నిసార్లు గీసినా ఆ రెండూ వచ్చి ఒకే కొమ్మ మీద వాలుతున్నాయి. రెండు జాతులు కావు, ఒకటే.

చార చేపను కొత్త జాతి అని లోకానికి చాటిందీ, దానికి ఒక ఆడమనిషి పేరు పెట్టిందీ కుర్రతనంలో, పెళ్ళయిన కొత్తల్లో, ఈ ప్రొఫెసరే. ఇప్పుడా పేరు కొట్టెయ్యాలి. ఆయన సంతకం లేనిదే వ్యాసం గడప దాటదు. వ్యాసం అచ్చయితే గాని ఆమెకు పట్టా రాదు.

"పెళ్ళాం పేరు చెరిపేస్తానంటే ఏ మొగుడు ఊరుకుంటాడే?" అంది ల్యాబక్క, గాజు గొట్టాలు కడుగుతూ. "ఆ చేప గురించి రాసినప్పుడు 'నా ప్రియ సహచరి పేరిట' అని రాసుకున్నారట. అందరికీ తెలిసిన ముచ్చటే. నువ్వెళ్ళి అమ్మగారి కాళ్ళావేళ్ళా పడు. ఆవిడ గట్టిగా ఒక్క మాటంటే సారు నోరెత్తరు."

మధ్యాహ్నం బస్సులో కునికిపాట్లు పడుతూ వెళ్ళి, విద్యార్థిని ప్రొఫెసర్ ఇంటి తలుపు తట్టింది. మోకాలు పట్టుకుని నెమ్మదిగా వచ్చి తీసింది అమ్మగారు. విద్యార్థులందరికీ ఆవిడ అమ్మగారే.

"మొహం అలా పీక్కుపోయిందేమిటే తల్లీ? కూర్చో. మళ్ళీ అరిచారా?"

ఇల్లు అద్దంలా ఉంది. గోడ మీద చార చేప పటానికి మాత్రం దుమ్ము దళసరిగా పేరుకుంది. అమ్మగారు ఆరిన బట్టలు మడతపెడుతూ వింటోంటే, విద్యార్థిని నీళ్ళు నములుతూ సంగతంతా చెప్పింది.

"అయితే ఇన్నాళ్ళూ వేరే జాతి అనుకున్నది ఆ ఎరుపు చూసేనా?"

"అవునండీ. పైవాగు చల్లటి నీళ్ళల్లో పెరిగితే ఆ చార వస్తుంది. లోపల అంతా ఒకటే."

"పై రంగు చూసి మోసపోయారన్నమాట మీ సారు."

"అప్పట్లో కళ్ళే కదండీ ఆధారం. ఎవరైనా పొరపడేవారే."

"మరి ఇకమీదట ఏ పేరుంటుంది?"

"ముందు పెట్టిన పేరే ఉంటుందండీ. బూడిద చేపకు ఇంకెవరో ఎప్పుడో పెట్టింది. తర్వాత వచ్చింది చెల్లదు."

అమ్మగారి చేతిలో మడత ఆగిపోయింది. "ఏదీ, ఇంకోసారి చెప్పు."

"ముందుదే ఉంటుంది. తర్వాత వచ్చింది చెల్లదు."

"ఎంత గొప్ప ప్రొఫెసరు కాదన్నా?"

"ఎవరు కాదన్నా అంతేనండీ. అది రూలు."

అమ్మగారు కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకుంది. తుడిచి తుడిచి ఎంతకీ పెట్టుకోలేదు. ముసలావిడకు మిగిలిన ఒక్క ముచ్చటా లాగేసుకుంటున్నాను కదా అనిపించింది విద్యార్థినికి.

"వద్దులెండి అమ్మగారూ," అంది. "మీకంత బాధైతే ఆ రెండు చేపలూ వదిలేస్తాను. వేరే చేపల మీద మొదటినుంచి చేసుకుంటాను. ఇంకో రెండేళ్ళు పడుతుంది, అంతే."

"ఇంకో రెండేళ్ళు! అద్దంలో చూసుకున్నావా నిన్ను నువ్వు? ఇలా తే ఆ కాగితాలు." అమ్మగారు చెయ్యి చాచింది. "భోజనానికి కూర్చోకముందే పెట్టిస్తాను సంతకం. పొద్దున్నే వచ్చి పట్టుకుపో."

విద్యార్థిని కాగితాలు ఇచ్చింది గాని, అడుగు ముందుకు పడలేదు. గుమ్మం దగ్గర ఆగిపోయి, "నన్ను క్షమించండి అమ్మగారూ. నా చేతులతో మీ పేరు చెరిపేస్తున్నాను," అంది.

అమ్మగారు ఆమె భుజం తట్టింది.

"ఆ చేపది నా పేరని నీకెవరు చెప్పారమ్మా?"