లోపలి తడి

ఆ ఉదయం అతని చేతిలో ఉన్న సరుకు ఇంతే: బకెట్లో వెనిగర్ కలిపిన నీళ్ళు, ఒక మెత్తని బ్రష్షు, కడుపు నిండా భయం.

పెరట్లో రేకుల చూరు కింద పాత టెంటు నిలబడి ఉంది. నిన్న సాయంత్రం గాలాడాలని దాని జిప్పు బార్లా తెరిచి వదిలాడు. ఇప్పుడది మూసి ఉంది.

"అమ్మా! ఈ జిప్పు నువ్వు వేశావా?"

తల్లి వంటింటి కిటికీలోంచి తొంగి చూసింది. "గాలికి పడుంటుందిలేరా."

"గాలికి తలుపు పడుతుంది గానీ జిప్పు పడుతుందా?"

"అయితే పిల్లి వేసుంటుంది," అని నవ్వి లోపలికి వెళ్ళిపోయింది.

అతను మునివేళ్ళతో జిప్పు లాగాడు. ముక్కిపోయిన వాసన గుప్పుమంది. నిన్న కడిగి, నీడలో ఆరబెట్టి, వాసన పోయిందని తానే మురిసిపోయిన గుడ్డ అది. లోపలి గోడల నిండా సన్నటి నీటిబొట్లు. బయటివైపు చూస్తే పొడి. అడుగున తడిమాడు. గోరువెచ్చగా తగిలింది.

నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

పాత సామాన్లు కొని అమ్మడం అతని వ్యాపారం. కొట్టు చిన్నది, ఆశ పెద్దది. కొట్టు నిండాక సరుకు ఇంటిదాకా నడిచొచ్చింది. ముందుగదిలో ఫ్రిజ్జులు, నడవలో బీరువాలు, పెరటివైపున్న తల్లి గదిలో భోజనాల బల్ల. దాని కుర్చీలకు చోటు చాలక, కొన్నిటిని ఆమె మంచం మీదే ఓ పక్కగా బోర్లించాడు. "బేరం కుదరగానే తీసేస్తానమ్మా" అంటే, "నేనెంత, నా చోటెంత, కానీలే" అంది. ఇంట్లో ఉండేది ఇద్దరే. ఆ ఇద్దరి మధ్య పోరు లేకపోవడం కూడా లాభం కిందే జమకట్టుకున్నాడతను.

ఈ టెంటు ఒక ముసలాయన ఇంట్లో దొరికింది. ఆయన పోయాక గది ఖాళీ చేస్తూ, "దీన్ని వదిలి ఉండేవాడు కాదండీ మా నాన్న" అంటూ ఆయన కొడుకే దీన్ని ఇతని చేతిలో పెట్టాడు. ఆ రోజు ఆ మాట బేరానికి పనికొచ్చే ముచ్చటలా వినిపించింది. ఇప్పుడు తలుచుకుంటే వెన్ను జలదరిస్తోంది.

మధ్యాహ్నం కొండలాయన వచ్చాడు. జనాన్ని కొండలెక్కించడం ఆయన బతుకుతెరువు, ఆ పేరు అలా వచ్చింది. వాసన పోగొడితే ఈ టెంటూ తీసుకుంటాను, ఇకమీదట నాకు కావలసినవన్నీ నీ దగ్గరే కొంటాను అని మాటిచ్చిన మనిషి. టెంటులో తల దూర్చి, మూలలన్నీ వాసన చూసి, ముక్కు నలుపుకుంటూ బయటికొచ్చాడు.

"ఏమేం వేశావు?"

"మొదట సబ్బునీళ్ళు. తర్వాత వెనిగర్. వంటసోడా చల్లి దులిపాను. నిమ్మరసం, ఉప్పు కూడా అయ్యాయి. ఇంక నా రక్తమొక్కటే మిగిలింది."

"వైద్యం బాగానే ఉందయ్యా, రోగం కుదిరితే కదా! పొద్దున్నే లోపల తడి ఉంటోందా?"

"ఉంటోంది. బయట మాత్రం పొడి."

"అయితే మంచు కాదు, వానా కాదు." కొండలాయన మీసం దువ్వుకున్నాడు. "లోపల్నుంచి తడిసిందంటే ఒకటే లెక్క. రాత్రంతా అందులో ఎవరో ఊపిరి పీల్చి వదిలారు."

వ్యాపారి టెంటు దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఎవరు?"

"నన్నడిగితే? పెరడు నీది, టెంటు నీది."

"గోడ చూశారుగా ఎంతెత్తో! గేటుకు తాళం. పోనీ దొంగ అనుకుందామంటే, ఒక్క చెంచా కూడా పోలేదు."

"పెరట్లో పడుకుని పోయే దొంగెవడు? ఇంతకీ టెంటు ఎవరిదన్నావు?"

"పోయారు," అన్నాడతను నెమ్మదిగా.

కొండలాయన నవ్వు సగంలో ఆగింది. "రేపు తెల్లారగానే బండి తెస్తాను. అదేంటో చూసి తేల్చుకుందాం."

సాయంత్రం అతను తల్లి ముందు కూలబడ్డాడు. "దీన్ని తగలబెట్టేస్తానమ్మా."

ఆమె చేతిలో గిన్నె జారినంత పనైంది. "అంత మంచి టెంటునా? బుద్ధుందా నీకు? ఇంకొన్నాళ్ళు ఆరనివ్వు. తొందరపడి అమ్మనూ వద్దు."

"కొరివితో తల గోక్కున్నట్టయింది నా పని. నీకు భయం వెయ్యట్లేదా?"

"నాకేం భయం? ఈమధ్య కంటినిండా నిద్ర పడుతోంది."

"అదృష్టవంతురాలివి. నాకు చీమ చిటుక్కుమన్నా గుండె ఆగిపోతోంది."

చీకటి పడకముందే టెంటు జిప్పు పూర్తిగా తెరిచి, తలుపుగుడ్డను పైకి చుట్టి తాడుతో కట్టాడు. రెండు ముళ్ళు వేశాడు. తర్వాత ముందుగదిలో ఫ్రిజ్జుల మధ్య చాప పరుచుకుని ముసుగుతన్నాడు. ముసుగులో కూడా కళ్ళు మూతపడలేదు.

తెల్లారింది. కొండలాయన బండి వచ్చింది. ఇద్దరూ సందులోంచి పెరట్లోకి నడిచారు.

జిప్పు మూసి ఉంది. ముళ్ళు విప్పిన తాడు చక్కగా చుట్ట చుట్టి పక్కన పెట్టి ఉంది.

"మీ దయ్యానికి పొందిక ఎక్కువే," అన్నాడు కొండలాయన. కానీ ఆ మాట గుసగుసగా వచ్చింది.

వ్యాపారి కర్ర అందుకున్నాడు. ఒక అడుగు వేశాడు. అప్పుడే టెంటు గోడ లోపల్నుంచి ఉబ్బింది. మోచెయ్యి లాంటిదేదో గుడ్డ వెంట మెల్లగా పైకి పాకింది. కర్ర కింద పడింది. అతని పై ప్రాణాలు పైనే పోయాయి. చంటిపిల్లాడిలా కేక పెట్టాడు.

"అమ్మా!"

"ఏంట్రా?" అంది టెంటు.

జిప్పు లోపల్నుంచి తెరుచుకుంది. చంకలో దిండుతో, రేగిన జుట్టుతో తల్లి వంగి బయటికి వచ్చింది. తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా ఇద్దరినీ చూసింది.

అతను టెంటు వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు. "ఇందులో... నువ్వా! నాకొక్క మాట చెప్పొచ్చుగా?"

"చెబితే ఇందులోనూ ఓ బీరువా పెడతావని భయమేసింది."

కొండలాయన బండివైపు తిరిగాడు. ఆమె దిండు మీది తడి తుడుచుకుంటూ అంది:

"ఇంట్లో ఖాళీ గది ఇదొక్కటే కదరా."